కొనాల్సిన మొదటి వస్తువు డంబెల్ కాదు!

కాశీబుగ్గలోనో టెక్కలిలోనో కాస్త కలిగినవాళ్ల ఇంటికి వెళ్లండి. హాల్లో ఓ మూల ఎక్సర్‌సైజ్ సైకిల్ కనిపిస్తుంది. హ్యాండిల్‌కి తడి తువ్వాలు, సీటు మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట. కొన్న కొత్తలో ఇంటిల్లిపాదీ వంతులేసుకుని తొక్కే ఉంటారు. పొద్దున్నే నాన్న, మధ్యాహ్నం సీరియల్ చూస్తూ అమ్మ, ఎప్పుడు పడితే అప్పుడు పిల్లలు. రెండో నెలలో పెడల్ దగ్గర కిర్రుమని చప్పుడు మొదలవుతుంది. బాగుచేసే మనిషి శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో రావాలంటారు. అంతే, ఆ రోజు నుంచి అది దండెం. ఎందుకు దాచడం, మా ఇంట్లోనూ ఒకటుంది. బట్టలు మాత్రం బ్రహ్మాండంగా ఆరతాయి.

ఇంట్లో వ్యాయామం అనగానే మనకు గుర్తొచ్చేది మెషీనే. ఎంతలో వస్తుంది, ఎంత తగ్గిస్తారు, వాయిదాల్లో ఇస్తారా అని అడుగుతాం. హైదరాబాద్ ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు చెప్పే సలహా పలాస, టెక్కలి, ఉద్దానం ఇళ్లకు సరిపోదు. ఇక్కడి గాలి వేరు, ఉక్క వేరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇక్కడి కిడ్నీల కథ వేరు. ఆ కథ తెలియకుండా బరువులెత్తడం మొదలుపెడితే మేలు కంటే కీడు ఎక్కువ జరగొచ్చు.

‘ఎక్సర్‌సైజేటి బాబూ!’

ఉద్దానంలో ఎవరి దగ్గరైనా వ్యాయామం మాటెత్తండి. ‘పొద్దస్తమానూ పన్జేత్తన్నాం, ఇంకా ఎక్సర్‌సైజేటి బాబూ!’ అంటారు. నిజమే. కొబ్బరిచెట్టెక్కి కాయలు దించేవాడికీ, కావిడి మోసేవాడికీ, భావనపాడు తీరంలో వల లాగేవాడికీ మనం కొత్తగా చెప్పేదేముంటుంది? వాళ్లకు కావాల్సింది విశ్రాంతి, వేళకు తిండి, నీళ్లు.

కానీ పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పప్పు మీద పొట్టు తీసి, గుళ్లూ బద్దలూ వేరుచేసే ఆడవాళ్లను చూడండి. గంటల తరబడి కదిలేవి వేళ్లే. మెడ వంగి ఉంటుంది, నడుము కదలదు, మోకాళ్లు మడతపడే ఉంటాయి. సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది గానీ గుండెకూ తొడలకూ భుజాలకూ పని దొరకదు. అలసిపోవడం వేరు, ఒళ్లంతా కదలడం వేరు. బడిపంతులు, కిరాణా కొట్టాయన, టెక్కలి గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాసే గుమస్తా... అందరిదీ ఇదే వరస.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్ద కష్టమైనవేం కావు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా కదలాలి. దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని చేయాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు తూలి పడిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసాలు వారానికి మూడు రోజులు చేస్తే మంచిది. మొదటిదానికి నడక చాలు. వస్తువుల అవసరం వచ్చేది రెండోదానికే.

అయితే ఈ పక్క నడక కూడా అంత తేలిక కాదు. పలాస, టెక్కలి వాళ్లకు జాతీయ రహదారి మీద లారీల భయం, వీధిలో కుక్కల భయం. ఉద్దానం ఊళ్లలోనైతే తెల్లవారుజామున జీడితోటల వైపు వెళ్తే ఎలుగుబంటి ఎదురుపడొచ్చు. ఇది నవ్వులాటకు చెప్పేది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. ఇక ఆడపిల్లలు, కోడళ్లు ఒంటరిగా చీకట్లో నడకకు వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు. అందుకే ఇంట్లో చేసుకునే వ్యాయామం ఇక్కడ డబ్బున్నవాళ్ల సరదా కాదు, చాలామందికి ఉన్న ఒకే దారి.

ముందు బీపీ మిషను

మీ దగ్గర రెండు వేల రూపాయలు ఉన్నాయనుకోండి. డంబెల్స్ వద్దు, తాడు వద్దు. ముందు బీపీ చూసుకునే మిషను కొనండి. వ్యాయామ పరికరాల జాబితాలో దీన్నెవరూ రాయరు. కానీ ఈ ప్రాంతంలో మొదటి పరికరం ఇదే కావాలి.

ఎందుకంటారా? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని మంచాన పడేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షించినా, కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. ఇవన్నీ మంచివే. కానీ ఈ జబ్బు చాలాకాలం చప్పుడు చేయదు. మనిషి ఎప్పట్లాగే తిరుగుతుంటాడు, లోపల కిడ్నీ తగ్గిపోతుంటుంది. బీపీ పెరిగితే కిడ్నీ దెబ్బతింటుంది, కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది. ఆ సంగతి తెలియకుండా ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఆ క్షణంలో ఇంకా పైకెగురుతుంది.

మిషను కొనేటప్పుడు మణికట్టుకు పెట్టుకునేది కాకుండా భుజానికి చుట్టేది తీసుకోండి. పట్టీ మీ చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చూసుకునే ముందు అరగంట పాటు టీ, చుట్ట, వ్యాయామం వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. మాట్లాడకండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక వారం పాటు చూసి కాగితం మీద రాయండి. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 దాటితే డాక్టరుకు చూపించాలి. పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ దాటితే ఆ రోజు వ్యాయామం మానేసి ఆసుపత్రికి వెళ్లాలి.

దీంతోపాటు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే, లేదా మీకు షుగరో బీపీయో ఉంటే ఇది తప్పనిసరి. చిన్న జాగ్రత్త: పరీక్షకు ముందురోజు బరువులెత్తకండి. కష్టమైన వ్యాయామం చేసిన వెంటనే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించొచ్చు. ఆ అంకె చూసి ఇల్లంతా హడలిపోవడమెందుకు?

ఉప్పుగాలికి నిలిచేది

ఇప్పుడు అసలు కొనుగోలు. సముద్రం పక్క ఊళ్లలో ఇనుము గతేమిటో మీకు తెలుసు. కిటికీ ఊచలే పెచ్చులూడి పోతాయి, ఇక జిమ్ సామాను ఎంత? రంగు మాత్రమే వేసిన ఇనుప డంబెల్ నువ్వలరేవు లాంటి ఊళ్లో ఒక వానాకాలం గడిచేసరికి ఎర్రబారుతుంది. పళ్లేలు మార్చుకునే రకమైతే మరలు పట్టేసి విప్పడానికి రావు, లేదంటే మర అరిగి, తల పైకెత్తిన చేతిలోంచి పళ్లెం జారుతుంది. అందుకే రబ్బరుగానీ వినైల్‌గానీ పూర్తిగా తొడిగిన డంబెల్స్ కొనండి. కిలోకి కాస్త ఎక్కువైనా నిలుస్తాయి. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి చవగ్గా వస్తాయి గానీ, ఒకసారి గచ్చు మీద పడేస్తే పగులుతాయి.

ఎన్ని కిలోలవి? పది పన్నెండుసార్లు ఎత్తగలగాలి, చివరి రెండుసార్లు మాత్రం కష్టమనిపించాలి. కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకు రెండు కిలోల జత, మగవాళ్లకు నాలుగైదు కిలోల జత చాలామందికి సరిపోతుంది. కొట్లో చేతిలో పట్టుకుని పదిసార్లు ఎత్తి చూసి మరీ కొనండి, కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

బరువులంటే మన జిల్లాకు కొత్తేం కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అంతకు చాలా ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు దేశమంతా మోగింది. వీళ్ల కథలు చెప్పి పిల్లల్ని ఉత్సాహపరచండి, తప్పులేదు. కానీ వాళ్లది గురువు పక్కన నిలబడి ఏళ్ల తరబడి చేసిన సాధన. పోటీల్లో ఆడవాళ్లు ఎత్తే ఉత్త కడ్డీ బరువే 15 కిలోలు. ఆ కడ్డీని ఇంట్లో పెట్టుకుని ఒంటరిగా ప్రయత్నించడం ఆరోగ్యం కోసం చేసే పని కాదు.

నన్నడిగితే డంబెల్స్ కంటే ముందు రబ్బరు బ్యాండ్లు. ఐదొందల రూపాయల లోపే వస్తాయి, మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు, కాలి మీద పడితే వేళ్లు చితకవు. కిటికీ ఊచకు కాకుండా, గట్టి స్తంభానికి చుట్టి రెండు చేతులతో వెనక్కి లాగితే వీపు కండరాలకు పని. జీడిపప్పు ముందు వంగి కూర్చునేవాళ్లకు అవసరమైనది సరిగ్గా ఇదే. కాలి కింద తొక్కిపెట్టి పైకి లాగితే చేతులకు పని. ఒక చిక్కుంది. ఒక కంపెనీ ఎరుపు, ఇంకో కంపెనీ ఎరుపు ఒకే బిగువు ఉండవు. రంగు చూసి కాదు, లాగి చూసి కొనండి. ఎండకూ వేడికీ రబ్బరు త్వరగా చచ్చిపోతుంది. డాబా మీద వదిలేయకండి. వారానికోసారి సాగదీసి వెలుతురులో పగుళ్లు చూడండి. సన్న పగులు కనిపించినా పారేయాల్సిందే, తెగితే మొహానికి కొడుతుంది.

డబ్బు పెట్టకుండా దొరికేవీ ఉన్నాయి. లీటరు సీసాలో నీళ్లు నింపితే కిలో, పొడి ఇసుక నింపితే కిలోన్నర దాకా తూగుతుంది. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను మనకు ఊరూరా ఉన్నదే. నిండుగా ఉంటే అది ఇరవై కిలోల పైమాటే. కొత్తవాళ్లు సగం నింపి, రెండు చేతులతో గుండెకు హత్తుకుని, నడుము వంచకుండా హాల్లో పదడుగులు వెళ్లి రండి. బరువులు పట్టుకుని నడవడాన్ని పట్నం జిమ్ముల్లో ‘ఫార్మర్స్ వాక్’ అంటారు, అంటే రైతు నడక. కావిడి మోసిన మన తాతలకు ఎవరూ ఫీజు అడగలేదు.

వీధి అరుగు మెట్టు ఉందిగా, దాని మీదకి ఎక్కుతూ దిగుతూ పది నిమిషాలు. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. గోడకు చేతులానించి దండీలు. తాతయ్య, నాయనమ్మలైతే కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడటం. ఇవి నేర్చుకున్నాకే వస్తువులు.

కింద పరుచుకోవడానికి చాప ఉంది కదా అనుకుంటాం. తుంగచాప టైల్స్ మీద జారుతుంది. గచ్చు నేలైతే జంబుఖానా చాలు గానీ, టైల్స్ ఇంట్లో కింద జారని యోగా మ్యాట్‌కు డబ్బు పెట్టడం దండగ కాదు. స్కిప్పింగ్ తాడు వంద రూపాయల వస్తువే, పిల్లలకు దాన్ని మించింది లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, బాగా లావున్నవాళ్లకూ మాత్రం వద్దు. పైన ఫ్యాను చూసుకోండి. పెరట్లో మట్టి నేల మీదైతే మరీ మంచిది, కాకపోతే కొబ్బరిచెట్టు కింద మాత్రం గెంతకండి!

మెషీన్ కొనే తీరతామంటే

సరే, కొనండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సైకిల్ నిజంగానే ఉపయోగం. రాపిడి ప్యాడ్‌తో పనిచేసేది కాకుండా అయస్కాంతంతో బిగువు పెరిగే రకం చూడండి, చప్పుడు తక్కువ, అరుగుదల తక్కువ. సీటు ఎత్తు మార్చుకునే వీలుండాలి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఎన్ని కిలోల మనిషిని మోస్తుందో రాసి ఉంటుంది, మీ బరువు కంటే కనీసం ఇరవై కిలోలు ఎక్కువ ఉన్నది తీసుకోండి.

ట్రెడ్‌మిల్ విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఇరవై, ముప్పై వేలు పెట్టి ఇక్కడ కొనదగ్గ వస్తువు కాదది. కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోతుంది, మామూలు ఇన్వర్టరు మీద నడవదు, తీరం ఊళ్లలో తుప్పు. తప్పనిసరైతే మోటారు ‘పీక్’ హార్స్‌పవర్ కాకుండా నిలకడగా ఇచ్చే హార్స్‌పవర్ ఎంతో అడగండి. పెద్ద అంకె చూపించి అమ్మేది మొదటిదాన్నే. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. వెనకాల రెండు మీటర్ల ఖాళీ ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో వాడగానే ప్లగ్గు తీసేయాలి, తిరిగే బెల్టులో చిట్టి వేళ్లు ఇరుక్కుంటాయి.

ఏ మెషీన్ కొన్నా డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న: ‘పాడైతే మా ఊరికొచ్చి బాగుచేసేది ఎవరు? ఫోన్ నంబరివ్వండి.’ జవాబు నీళ్లు నమిలితే మీరూ మనసు మార్చుకోండి. ఇంకో చవకదారి ఉంది. ఎవరింట్లోనో దండెమైపోయిన సైకిల్‌ను ఒక నెల అరువడగండి. నెలరోజులు మానకుండా తొక్కితే అప్పుడు కొనుక్కోవచ్చు.

నొప్పి బిళ్ల, పొడి డబ్బా

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన రెండోరోజు, మూడోరోజు ఒళ్లు పచ్చిపుండవుతుంది. అది సహజం, దానంతటదే పోతుంది. కానీ మనవాళ్లు వెంటనే మందుల షాపుకెళ్లి ‘ఒళ్లు నొప్పులకు బిళ్లలు ఇవ్వండి’ అంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గిన రోజున వేసుకుంటే హాని ఇంకా ఎక్కువ. మాత్ర వేసుకుని తీరాల్సినంత నొప్పి వస్తోందంటే మీరు అతిగా చేస్తున్నారని అర్థం. బరువు తగ్గించండి, వేడినీళ్ల కాపడం పెట్టండి, ఒకరోజు ఆగండి.

అతిగా చేయడమంటే గుర్తొచ్చింది. పందెం కట్టి ఒకేరోజు మూడొందల గుంజీలు తీసే కుర్రాళ్లుంటారు. కండరం అదుపు తప్పి చితికితే దానిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది ‘వేడి చేయడం’ కాదు, అదే పూట ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సూచన.

ఇక పొడి డబ్బాలు. కండలు రావాలని ప్రొటీన్ పౌడరు, క్రియాటిన్ కొనే కుర్రాళ్లు పలాసలోనూ పెరుగుతున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పప్పు, గుడ్లు, చేపలు, పాలు చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అదనపు ప్రొటీన్ డాక్టరునడక్కుండా ముట్టకూడదు. క్రియాటిన్ తీసుకునేవాళ్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగి కనిపిస్తుంది కూడా. పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుకు దాచకండి.

వేళ సంగతీ చెప్పుకోవాలి. మన ఉక్కలో చెమట ఆరదు, అందుకే ఒళ్లు చల్లబడదు. మార్చి నుంచి వానలు పడేదాకా రేకుల గదిలో మధ్యాహ్నం వ్యాయామం వద్దే వద్దు. తెల్లవారాకో, పొద్దు వాలాకో, తలుపులు తీసి, ఫ్యానేసుకుని చేయండి. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు మంచినీళ్లు. మూత్రం చిక్కటి పసుపులో వస్తుంటే నీళ్లు చాలలేదన్నమాట.

జబ్బున్నవాళ్లు మానేయాలా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు బయటపడగానే ఇంట్లోవాళ్లు మనిషిని మంచం మీంచి కదలనివ్వరు. ప్రేమతోనే అనుకోండి. కానీ కదలకపోతే కండ కరిగిపోతుంది, మెట్టు ఎక్కలేని స్థితి వస్తుంది. కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రోగులకు కూడా వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా ఒంటికి తట్టుకునేంత, చేయమంటున్నాయి. చూపించుకునే డాక్టరును అడిగి, ఐదు నిమిషాల నడకతో, కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. కాళ్లవాపు, ఆయాసం ఉన్నరోజు ఆపేయాలి.

నీళ్ల లెక్క వీళ్లకు వేరు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. చెమట పట్టింది కదా అని కొబ్బరి బొండాం కొట్టి ఇవ్వకండి. పెరట్లో చెట్టుంది, ప్రేమ పొంగుతుంది, కానీ ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకు అది గుండెకే ముప్పు తేవచ్చు.

డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆ చేత్తో డంబెల్స్ గానీ, నీళ్ల క్యాను గానీ, బియ్యం మూట గానీ ఎత్తకూడదు. బీపీ పట్టీ కూడా ఆ చేతికి చుట్టకూడదు, రెండో చేతికే. అయితే కుట్లు మానాక డాక్టర్లే ఆ చేతికి ఒక వ్యాయామం చెబుతారు. మెత్తటి రబ్బరు బంతిని గుప్పిట్లో పట్టుకుని నొక్కడం, వదలడం. రోజులో నాలుగైదు విడతలుగా, చెప్పినన్నిసార్లు. ఆ నరం గట్టిపడి సూదికి సిద్ధమవడానికి అది సాయం చేస్తుంది. బంతి ఖరీదు ఇరవై రూపాయలు, పిల్లలు ఆడుకునే కొట్లోనే దొరుకుతుంది.